చేతుల మీద కూర్చునే మనిషి

మా బావగారు పోయారన్న కబురు నాకు ఫోనులో అందింది. మే నెలాఖరు. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. విజయవాడలో నేను లెక్కలు రాసే ఇనప సామాన్ల కొట్టుకి కంకిపాడు రైసు మిల్లు నుంచి ట్రంకు కాల్ వచ్చింది. లైను బాగా లేదు. అవతల మిల్లు మేనేజరుగారు "వినపడుతోందాండీ? వినపడుతోందా?" అని అరుస్తున్నారు. నాకు మొదటిసారే వినపడింది. కాని నోరు పెగల్లేదు. నేను పలకకపోయేసరికి వినపడలేదనుకుని ఆయన అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పారు.

మిల్లులో మోటారు పక్కనే గుండె పట్టుకుని కూలబడ్డారట. బండి వచ్చేలోపే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఫోను పెట్టేసి, రాస్తున్న పేజీ పూర్తిచేసి, కూడిక సరిచూసి, పుస్తకం మూసి అప్పుడు లేచాను. చూసినవాళ్ళు రాతిగుండె అనుకుని ఉంటారు. కాని పనిని సగంలో వదిలి లేవడం బావగారికి పడదు. "సగం విప్పిన మిషను ముందునుంచి లేచినవాడూ, తిరిగొచ్చి కూర్చున్నవాడూ ఒకడే కాదోయ్. రెండోవాడికి ఏదీ గుర్తుండదు" అనేవారు. ఆ రోజు బస్సెక్కి బందరు రోడ్డు మీద పోతుంటే, తిరిగొచ్చి ఆ పుస్తకం తెరిచేది వేరే మనిషేనని నాకు బాగా తెలుసు.

ఆయన మా అక్క భర్త. రైసు మిల్లులో మోటార్లు, బెల్టులు చూసుకునే ఉద్యోగం. మిల్లు నుంచి వచ్చాక ఇంటి వసారాలో ఆయన సొంత పని మొదలయ్యేది. రేడియోలు, టేబులు ఫానులు, కుట్టుమిషన్లు, పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు, చర్చిలో మైకు. ఏదీ ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. నేనూ లెక్కలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు కాబట్టి మా ఇద్దరికీ మాటలు తక్కువైనా పొత్తు కుదిరింది. మాటలు తక్కువ నా వైపునుంచే లెండి. ఆయన బాగానే మాట్లాడేవారు.

ఈ పత్రిక చదివేవారిలో కంకిపాడు చుట్టుపక్కలవాళ్ళు ఎవరైనా ఉంటే, ఒకసారి మీ ఇంట్లో పాత రేడియో వెనక మూత తీసి చూడండి. లోపల ఎక్కడో ఒకచోట ఎర్రటి చుక్క కనిపించవచ్చు. అది ఆయన పెట్టిందే. తాను చెయ్యిపెట్టిన ప్రతి చోటా, మార్చిన ప్రతి అతుకు మీదా, ఆడవాళ్ళ గోళ్ళరంగుతో చుక్క పెట్టేవారు. ఆ సీసా కొనడానికి నేనూ ఒకసారి వెంట వెళ్ళాను. ఫ్యాన్సీ కొట్టాయన నవ్వాపుకుంటూ, మా అక్కని ఉద్దేశించి, "టీచరమ్మగారికాండీ?" అని అడిగాడు.

"కాదండీ, నాకే" అన్నారు బావగారు. "నిన్నటి రంగు తొందరగా ఆరట్లేదు. మంచిది ఇవ్వండి."

బయటికొచ్చాక చుక్క ఎందుకని అడిగాను. "రేపు ఇంకొకడు విప్పుతాడు కదా బావా. ఎక్కడ కంపెనీవాడి పనో, ఎక్కడ నా పనో వాడికి తెలియాలి. లేకపోతే నా తప్పుకి కంపెనీవాడిని తిడతాడు, పాపం" అన్నారు.

ఆయన పద్ధతులు చాలావరకు ఇలాంటివే. చూడ్డానికి నవ్వొస్తాయి, చేసి చూస్తే వదలబుద్ధి కాదు. ఏ సామాను తెచ్చినా వెంటనే విప్పేవారు కాదు. తెచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, "బాగున్నప్పుడు ఇది ఎలా ఉండేదో చెప్పండి" అనేవారు. "పాడైందండీ" అని వాళ్ళు మొదలుపెడితే, "అది సరే, బాగున్నప్పటి సంగతి చెప్పండి" అని మళ్ళీ అక్కడికే. విప్పిన మరలు పెట్టడానికి అక్క దగ్గర కొట్టేసిన పాత ఇడ్లీ రేకు వాడేవారు. మొదట తీసింది మొదటి గుంటలో, తర్వాతది పక్క గుంటలో. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి రావడమే. ఒకసారి అక్క కోపంలో ఆ రేకు కడిగి ఇడ్లీ వేసేసింది. బావగారు ఒక్కమాట అనకుండా తిని, "కొంచెం గ్రీజు వాసన వస్తోంది గాని, ఇడ్లీ గట్టిగా బిగిసింది" అన్నారు.

నేర్పించేటప్పుడు ఆయనకి ఒక అలవాటు ఉండేది. నేను ఆయన్ని తలుచుకుంటే మొదట కళ్ళముందుకు వచ్చేది అదే. సామాను అవతలి మనిషి ముందు పెట్టి, తాను బల్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకునేవారు. ఎదుటివాడు ఎంత తడబడినా చేతులు బయటికి తీసేవారు కాదు. నా చేత ఒకసారి టేబులు ఫాను విప్పించారు. నేను తప్పు మరను పట్టుకుని తంటాలు పడుతుంటే ఆయన భుజాలు అదురుతున్నాయి. అయినా చేతులు కదల్లేదు.

"ఎందుకండీ ఆ బాధ? మీరే తిప్పెయ్యొచ్చు కదా" అన్నాను.

"తిప్పేస్తే ఫాను బాగవుతుంది. నువ్వు బాగుపడవు" అన్నారు. "నా చేతులకి తొందరెక్కువ. అందుకే వాటి మీద కూర్చుంటా."

ఇక అక్క సంగతి చెప్పాలి. నిజానికి ఈ నాలుగు మాటలూ రాయడం దానికోసమే.

అక్క ఊళ్ళో ఎయిడెడ్ స్కూల్లో ఒకటో తరగతి టీచరు. వాళ్ళకి పిల్లలు లేరు. అక్క దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు గాని, ఒకటో తరగతి వదిలి పై తరగతికి వెళ్ళమంటే మాత్రం ఒప్పుకునేది కాదు. అక్షరం రాని పిల్లల్ని తీసుకుని, సంవత్సరం తిరిగేసరికి వాళ్ళ చేత వాక్యం చదివించడం ఆమెకి ఉద్యోగం కంటే ఎక్కువ.

డెబ్బైల మొదట్లో ఒక ఎండాకాలం, గుడిలో, అంటే మా చర్చిలో, ఆరాధన అయ్యాక ఆదివారం వాళ్ళింట్లో భోజనం చేశాను. అక్క చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. బావగారు పెద్ద రేడియో పెట్టెలో తల దూర్చి, మాకు వీపు పెట్టి పనిచేస్తున్నారు. "ఆ స్క్రూడ్రైవరు ఇటివ్వు" అన్నారు. అది అక్క మోకాలి పక్కనే ఉంది. అక్క పలకలేదు. మళ్ళీ అడిగారు. అక్క బియ్యంలోనుంచి తల ఎత్తలేదు. నాలుగు రోజులుగా ఏదో అలక నడుస్తోందనుకున్నాను. అప్పటికే గుడిలో ఆడవాళ్ళు, టీచరమ్మకి ఈమధ్య పొగరెక్కింది, వెనకనుంచి వందనాలు చెప్తే పలకదు అనుకోవడం మా ఆవిడ చెవిన పడింది.

బావగారు పెట్టెలోనుంచి తల తీసి, ఇటు తిరిగారు. అక్క ముఖం ఎత్తేదాకా ఆగారు. అప్పుడు గొంతు లేకుండా, ఒట్టి పెదవులు మాత్రం కదిపి, అదే మాట అన్నారు. నా చెవికి ఏ శబ్దమూ రాలేదు. అక్క మాత్రం చెయ్యి చాచి స్క్రూడ్రైవరు అందించింది.

తాను ఏం చేసిందో అప్పుడు అక్కకి అర్థమైంది. చాట పక్కన పెట్టేసింది.

"ఎన్నాళ్ళనుంచి?" అని బావగారు ఈసారి గొంతుతోనే అడిగారు.

"పోయిన క్రిస్మస్‌నుంచి బాగా ఎక్కువైంది" అంది అక్క. "ఎవరితో అనకండి. స్కూల్లో తెలిస్తే తీసేస్తారు."

స్కూల్లో అప్పటికే అనుమానపడ్డారు. సెలవులిచ్చే ముందు స్కూలు నడిపే కరస్పాండెంటుగారు పిలిచి మాట్లాడారట. ఆయన చెడ్డమనిషి కాదు. "అమ్మా, మీరు బోర్డు మీద రాస్తుంటే వెనకనుంచి పిలిచాను, పలకలేదు. పిల్లలు తప్పు చదువుతుంటే ఊరుకున్నారు. వాళ్ళ సంగతి కూడా ఆలోచించాలి కదా. సెలవుల తర్వాత మీ క్లాసు ఒకసారి చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే వేరే టీచరుని చూసుకోక తప్పదు" అన్నారట. ఆ మాట అక్క ఒంటరిగా మోస్తోంది. ముఖం చూస్తే మాట పట్టుకోగలదు. కాని పిల్లలు పుస్తకంలోకి తల దించి చదువుతారు. బోర్డు మీద రాసేటప్పుడు వాళ్ళు ఆమె వెనక ఉంటారు.

బావగారు ఆమెను విజయవాడలో చెవి డాక్టరుగారి దగ్గరికి తీసుకొచ్చారు. నేనూ వెళ్ళాను. డాక్టరుగారు ఓపికున్న మనిషి. మోగే ఉక్కు కడ్డీని చెవి దగ్గర పెట్టి, తల మీద పెట్టి పరీక్ష చేశారు. ఒక చెవి ఇక లాభం లేదనీ, రెండోదానిలో బొంగురు శబ్దాలు మిగిలి ఉన్నాయి గాని సన్నటివి పోయాయనీ చెప్పారు. చెవి మిషను మద్రాసునుంచి తెప్పించాలి, కొన్ని నెలలు పడుతుందన్నారు. అక్క ముఖం వాడిపోయింది. స్కూలు తెరిచేది జూన్‌లో.

బావగారు చేతులు కట్టుకుని, "అయ్యా, అది వచ్చేలోపు నేనొకటి చేసి పెడితే చెవికి ప్రమాదమా?" అని అడిగారు.

డాక్టరుగారు నవ్వలేదు. "ఏం చేస్తారు మీరు?" అని అడిగి, ఆయన చెప్పింది విని, "గట్టిగా మోగించకండి. బిగ్గరగా ఉంటే మంచిదనుకుంటారు అందరూ. అది తప్పు. తేటగా ఉండాలి. నొప్పి పుడితే ఆపేసి నా దగ్గరికి రండి" అన్నారు. బావగారు ఆ మాటని తన మాటగా చేసుకున్నారు. తర్వాత ఎంతమందికి ఎన్ని మైకులు బాగుచేసినా, "గట్టిగా కాదండీ, తేటగా" అని చెప్పి, "ఇది నాది కాదు, డాక్టరుగారిది" అని కూడా చెప్పేవారు.

ఆ నెలంతా గవర్నరుపేట రేడియో కొట్లలో దొరికే చిన్న చిన్న సామాన్లు నేను తీసుకెళ్ళి ఇస్తూ ఉండేవాణ్ణి. పాత టేపురికార్డరు మైకు, జేబు ట్రాన్సిస్టరు లోపలి ముక్క, చెవిలో పెట్టుకునే గొట్టం. అన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో అమర్చారు. పరీక్ష ఎవరితో చెయ్యాలా అని చూసి, నా వైపు వేలు చూపించారు.

"నువ్వు మాట్లాడు బావా. నువ్వు మాట్లాడినా పక్కవాడికి వినపడదు. నీ గొంతు పట్టుకుందంటే ఇక ఎవరి గొంతైనా పట్టుకుంటుంది."

అక్క మాకు వీపు పెట్టి గేటు దగ్గర నిలబడింది. సాయంత్రం వేళ. నేను గొంతు సవరించుకుని, ఏం అనాలో తోచక ఊరుకున్నాను. అక్క ఉన్నట్టుండి అంది: "నారుమడిలో విత్తనం చల్లేముందు మందు పట్టించాలట."

నేను బావగారి వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. నేను నోరు తెరవనే లేదు.

"ఇప్పుడు ఏదో తెగులు గురించి చెప్తున్నాడు" అంది అక్క, కంగారుగా. "ఎవరండీ ఈయన? ఎక్కడున్నాడు?"

బావగారు ఒక్క గెంతులో లోపలికి వెళ్ళి ఇంట్లో రేడియో తిప్పారు. అదే గొంతు. రైతుల కార్యక్రమం. విజయవాడ స్టేషను మాటలు సబ్బుపెట్టెలోని తీగల్లో దూరి నేరుగా అక్క చెవిలోకి వెళ్తున్నాయి. బావగారు అరుగు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

"చిన్నప్పుడు రేడియో చెయ్యాలని సంవత్సరం కొట్టుకున్నాను, గురక తప్ప రాలేదు. ఇప్పుడు వద్దంటే వచ్చింది! టీచరుగారూ, రేపు పోస్టాఫీసుకెళ్ళి మీ చెవికి రేడియో లైసెన్సు కట్టాలి."

అక్క కూడా నవ్వింది. చాలా నెలల తర్వాత ఆమె నవ్వడం చూశాను. వినపడేది వరిపైరు తెగులే అయినా, ఒక గొంతు వినపడింది.

మర్నాడు సబ్బుపెట్టె తీసేసి, రేకు డబ్బాలోకి మార్చారు. అక్క పౌడరు అట్టపెట్టెలోకి వెళ్ళింది, పౌడరు డబ్బా చెవి మిషను అయింది. రేకు చుట్టూ ఉంటే బయటి రేడియో లోపలికి రాదట. తీగలు పొట్టివి చేశారు. ఒకేసారి ఒకటే మార్చడం, మార్చాక పరీక్షించడం, అప్పుడు రెండోది. "రెండు కలిపి మార్చితే దేనివల్ల బాగైందో తెలియదు. తెలియకుండా బాగైంది తెలియకుండానే పాడవుతుంది" అనేవారు. నేను లెక్కలు సరిచూసేటప్పుడు ఇప్పటికీ ఈ పద్ధతే పాటిస్తాను.

అన్నీ కుదిరాయి. ఇక మిగిలింది అక్క.

అక్క ఆ డబ్బాని పైట కింద పెట్టుకుంది. ఎవరికీ కనపడకూడదు. స్కూలుకి గంజి పెట్టిన నేతచీరలు కట్టే మనిషి. అడుగు వేస్తే చాలు, చీర మైకుకి రాసుకుని చెవిలో గాలివాన. "మాటలు రావట్లేదండీ, హోరు తప్ప" అంది. బావగారు చూసి, బయట భుజం దగ్గర పిన్నుతో పెట్టుకోమన్నారు.

"ఛీ, మెళ్ళో పౌడరు డబ్బా కట్టుకుని క్లాసుకి వెళ్ళనా? పిల్లలు నవ్వరూ?"

"నవ్వుతారు."

"కరస్పాండెంటుగారు చూడరూ?"

"చూడ్డానికే కదా వస్తున్నారు."

అక్కకి కోపం వచ్చింది. ఆయన కోప్పడలేదు. మిషను విప్పేటప్పుడు ఎంత నిదానంగా ఉంటారో అంత నిదానంగా అన్నారు: "చూడు. దాచిపెడితే అది బట్టని వింటుంది. బయటపెడితే మనిషిని వింటుంది. నీకు ఏది కావాలో నువ్వే చెప్పు."

అక్క లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను తిరిగి బస్సెక్కేదాకా బయటికి రాలేదు.

స్కూలు తెరిచిన రోజు ఏం జరిగిందో అక్కే చెప్పింది. భుజానికి డబ్బా పెట్టుకునే వెళ్ళింది. మీద ఎర్రచుక్క. పిల్లలు నవ్వారు. అక్క దాన్ని చూపించి, "ఇది నా చెవి. దీనికి వినపడేట్టు చదివినవాళ్ళకి దీన్ని ముట్టుకోనిస్తాను" అంది. అంతే, డబ్బాలోకి మాట్లాడటానికి వరుస కట్టారు. ఆ వారంలోనే కరస్పాండెంటుగారు వచ్చారు. అక్క బోర్డు మీద రాస్తోంది. వెనక ఒక పిల్ల పుస్తకం చదువుతూ ఒక మాట మింగేసింది. అక్క తిరగకుండానే, "మళ్ళీ చదువమ్మా, మధ్యలో ఒకటి తినేశావు" అంది. ఆయన గుమ్మంలో కాసేపు నిలబడి, మాట్లాడకుండా వెనక్కి మళ్ళారు. అక్క రాస్తూనే అంది: "సార్, మీ చెప్పులు కిర్రుమంటున్నాయి. కొత్తవా?"

ఆయన ఆగిపోయి, పెద్దగా నవ్వి, "కొత్తవేనమ్మా" అన్నారట. అక్క ఉద్యోగం గురించి మళ్ళీ ఎవరూ ఏమీ అనలేదు.

ఈ సంగతి చెప్తే బావగారు ఉద్యోగం మాట పట్టించుకోలేదు. "కిర్రు వినపడిందా? కిర్రు? డాక్టరుగారు పోయాయన్న సన్నటి శబ్దం అదే కదా!" అని, ఆ రోజంతా తన చెప్పులు కిర్రుమనిపించడానికి తంటాలు పడ్డారు.

అప్పటినుంచి వాళ్ళిద్దరి మధ్య పొద్దుటిపూట ఒక పరీక్ష అలవాటైంది. స్కూలుకి వెళ్ళేముందు అక్క స్విచ్చి వేసుకుని గేటు దాకా వెళ్ళి, ఇంటికి వీపు పెట్టి నిలబడుతుంది. ఆయన వసారాలోనుంచి మామూలు గొంతుతో ఏదో ఒకటి అంటారు. ఆమె తిరగకుండానే బదులిస్తుంది. అప్పుడు బయలుదేరుతుంది. నేను ఉన్నప్పుడు చాలాసార్లు విన్నాను.

"టీచరుగారూ, రాత్రి పులుసులో ఉప్పు తక్కువైంది."

"మీ నాలుక విప్పి చూసుకోండి, అతుకు ఊడిందేమో."

ఇంకో రోజు: "సాయంత్రం కాఫీపొడి తేవాలి."

"పంచదార కూడా."

మద్రాసు మిషను శీతాకాలంలో వచ్చింది. చిన్నది, నాజూకైనది. బావగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, "నాదానికంటే బాగుంది" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి ఏ కష్టమూ లేదు. అక్క కొన్నాళ్ళు అదే వాడింది. తర్వాత అది ఆగిపోయి, బాగుచెయ్యడానికి మద్రాసు వెళ్ళి, తిరిగి రావడానికి ఎండాకాలం వచ్చింది. ఆ నెలలన్నీ డబ్బానే గట్టెక్కించింది. వచ్చాక దాన్ని గుడికీ పెళ్ళిళ్ళకీ ఉంచుకుని, క్లాసుకి మాత్రం డబ్బానే తీసుకెళ్ళేది. పిల్లలకి అలవాటైంది అనేది. అసలు కారణం అదొక్కటే కాదని నాకు తెలుసు. డబ్బా ఆగిపోతే ఆమె తానే విప్పుకోగలదు.

అదీ ఆయన పనే. ఒక ఆదివారం డబ్బా మూగబోతే అక్క తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని మళ్ళీ ఆమె ముందుకే తోసి, ఇడ్లీ రేకు పక్కన పెట్టి, చేతులు తొడల కిందికి తోసుకున్నారు.

"నేనా? నాకెందుకండీ ఈ టంకం గోల? మీరున్నారు కదా."

"నేను మిల్లులో ఉంటాను. నీ చెవి నీతో ఉంటుంది. నేను ఉంటేనే పనిచేసేదైతే అది బాగుచేసినట్టు కాదు. నిన్ను నాకు కట్టేసినట్టు."

అక్క వేళ్ళు కాల్చుకుంది. తిట్టింది. ఆయన చేతులు కదల్లేదు. భుజాలు మాత్రం అదిరాయి. సాయంత్రానికి డబ్బా పలికింది. ఆ అతుకు మీద చుక్క పెట్టబోతే ఆయన ఆపారు. "నీ పనికి నీ రంగు" అని, ఫ్యాన్సీ కొట్టునుంచి ఇంకో సీసా తెప్పించారు. నీలం. ఆ ఊళ్ళో గోళ్ళకి నీలం రంగు వేసుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఆ సీసా ఎన్నాళ్ళనుంచి అమ్ముడుపోకుండా ఉందో, కొట్టాయన ఊరికే ఇచ్చేశాడు.

ఇదంతా జరిగిన సంగతి. ఇక ఈమధ్య సంగతి.

సమాధి కార్యక్రమం రోజు అక్క మద్రాసు మిషను పెట్టుకోలేదు, డబ్బానే పెట్టుకుంది. పాస్టరుగారి ప్రార్థన అంతా వింది. పాటలు వింది. మట్టి పడిన చప్పుడూ వినే ఉంటుంది. తర్వాత డబ్బా తీసి బల్ల మీద పెట్టేసింది, ముట్టుకోలేదు. మద్రాసుది కూడా ముట్టుకోలేదు. వచ్చినవాళ్ళు ఓదారిస్తే, వాళ్ళ ముఖాలు చూసి తల ఊపి పంపించేసింది. స్కూలు తెరిచే రోజు దగ్గరపడుతోంది. "ఇక మానేస్తానురా. పొద్దున్నే గేటు దాకా వెళ్ళాలంటే కాళ్ళు రావు" అంది నాతో. ఆమెకి నచ్చజెప్పడం నా వల్ల అయ్యే పని కాదు.

స్కూలు తెరిచే ముందురోజు ఆదివారం. భోజనాలయ్యాక అక్క వసారాలోకి వచ్చి కూర్చుంది. బల్ల మీద డబ్బా అలాగే ఉంది. చాలాసేపు చూసి, తీసి చెవికి పెట్టుకుంది. స్విచ్చి వేసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. సెల్లులు మార్చింది. అప్పుడూ లేదు.

"పలకట్లేదు" అంది.

డబ్బా ఆమె చేతిలోనుంచి తీసుకోబోయాను. మూత తీసి ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఏం చెయ్యాలో తెలియదు, అయినా చేతులు ఊరుకోలేదు.

అక్క నా చేతి మీద చిన్న దెబ్బ వేసింది. "చేతులు కింద పెట్టుకో" అంది.

పెట్టుకున్నాను. ఆయన కూర్చునే చోటే కూర్చుని, అరచేతులు తొడల కింద పెట్టుకున్నాను. అక్క లేచి లోపలికి వెళ్ళి ఇడ్లీ రేకు తెచ్చింది. మొదటి మర మొదటి గుంటలో. లోపల ఎర్రచుక్కలు, వాటి మధ్య అక్కడక్కడ నీలం చుక్కలు. అక్క ఒక్కొక్క అతుకునే వేలితో కదిపి చూసింది. తీగ డబ్బాలోనుంచి బయటికి వచ్చే మెడ దగ్గర లోపల తెగి ఉంది. పైకి బాగానే కనపడుతోంది. అక్కడ ఎర్రచుక్క ఉంది. ఆయన అతికిన చోటే.

"చుక్క పెట్టబట్టి సరిపోయింది. లేకపోతే కంపెనీవాడిని తిట్టేదాన్ని" అంది అక్క.

మొదటిసారి టంకం నిలవలేదు. రెండోసారీ నిలవలేదు. నా చేతులు కిందనుంచి తన్నుకొస్తున్నాయి. ఇన్నేళ్ళూ ఆయన భుజాలు ఎందుకు అదిరేవో అప్పుడు తెలిసింది. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమైన పనో తెలిసింది. అక్క టంకం కడ్డీ మళ్ళీ కాచుకుని, తీగ కొన శుభ్రంగా గీకి, ఊపిరి బిగబట్టి పెట్టింది. నిలిచింది. నీలం సీసా తెచ్చి, ఎర్రచుక్క పక్కన నీలం చుక్క పెట్టింది. అది ఆరాక చివరి గుంట నుంచి వెనక్కి వచ్చి మరలన్నీ బిగించింది. చెవికి మాత్రం పెట్టుకోలేదు. అలాగే బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

పొద్దున నేను విజయవాడ బస్సుకి తయారై వసారాలో నిలబడ్డాను. అక్క గంజిచీర కట్టుకుని వచ్చింది. భుజానికి డబ్బా. నా వైపు చూడకుండా మెట్లు దిగి, స్విచ్చి వేసుకుని, గేటు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఇంటికి వీపు పెట్టి నిలబడింది.

కాలువకి కొత్తనీరు వదిలారు. మబ్బు పట్టి, గాలి చల్లగా ఉంది. ఆమె కదల్లేదు. ఎందుకు నిలబడిందో నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. వసారాలో నేను తప్ప ఇంకెవరూ లేరు.

గొంతు సవరించుకున్నాను. గట్టిగా కాదు, తేటగా అనుకున్నాను. ఎంత తేటగా అన్నానో తెలియదు గాని, నా మాట నాకే సరిగ్గా వినపడలేదు.

"అక్కా, వాన వచ్చేట్టుంది. గొడుగు తీసుకెళ్ళు."

అక్క వెనక్కి తిరగలేదు. నాకు కనపడని అటువైపు చేతిలో ఉన్న నల్ల గొడుగుని తలపైకి ఎత్తి చూపించింది. అలా ఎత్తి పట్టుకునే గేటు తీసి, కాలువ గట్టు వెంట స్కూలు వైపు నడిచింది.